మేనల్లుడికి లేఖ: ఆగని ఆటల గురించి



మేనల్లుడు కార్తీక్ గత మెయిల్‌లో కొన్ని వీడియో గేముల మీద తీర్పులు చెప్పాడు. టెట్రిస్ ముసలివాళ్ళ కాలక్షేపమనీ, స్టార్‌డ్యూ వ్యాలీ నిద్రమాత్ర అనీ, డార్క్ సోల్స్ పచ్చి అన్యాయమనీ, బీజీఎంఐ ఒక్కటే అసలు ఆట అనీ అతడు మొహమాటం లేకుండా రాసిన తీరు మేనమామకు నచ్చింది. తీర్పుల్లో సగం మాత్రం నచ్చలేదు. అదే వారంలో హాస్టల్ నుంచి మరో కబురు చేరింది. మ్యాచ్ మధ్యలో ఉన్నందువల్ల కార్తీక్ తల్లి చేసిన ఫోను ఎత్తలేదనీ, మెస్ మూసేదాకా భోజనానికి లేవలేదనీ ఆ కబురు సారాంశం. జలుబు తగ్గిందో లేదో మెయిల్‌లోనూ లేదు, కబురులోనూ లేదు.

ఈ రెండు సంగతుల్నీ కలిపి చూస్తే, కార్తీక్ తీర్పులన్నిటిలో ఒక ముఖ్యమైన కొలమానం లోపించినట్టు తెలుస్తుంది. అది పాజ్, అంటే ఆటను ఉన్నచోటే నిలిపే సౌకర్యం. ఏ వీడియో గేమైనా లోపల మూడు పనులను వరుసగా మళ్ళీ మళ్ళీ చేస్తూ ఉంటుంది: ఆటగాడు ఏ బటన్ నొక్కాడో చూస్తుంది, దాన్నిబట్టి ఆటలోని లోకాన్ని ఒక అడుగు ముందుకు జరుపుతుంది, కొత్త బొమ్మను తెరమీద గీస్తుంది. సాధారణంగా సెకనుకు 30 లేదా 60 సార్లు జరిగే ఈ ఆవృత్తిని గేమ్ లూప్ అంటారు. పాజ్ నొక్కినప్పుడు వీటిలో రెండో పని మాత్రమే ఆగుతుంది. అందువల్లనే 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో గాలిలోకి ఎగిరిన మారియో అదే ఎత్తున నిలిచి, ఆటగాడు తిరిగి వచ్చాక అదే వేగంతో నేలకు దిగుతాడు. ఆటను కొలవడానికి బొమ్మల అందం, కథ, సంగీతం ఎన్నైనా ఉండవచ్చు గాని, అన్నానికి పిలిచినప్పుడు అది ఆగుతుందా లేదా అన్నది వాటన్నిటికంటే ముందు చూడవలసిన విషయమని మేనమామ చాలాకాలంగా వాదిస్తున్నాడు. ఇంట్లో ఈ వాదాన్ని ఎవరూ ఒప్పుకోలేదు.

టెట్రిస్‌నే తీసుకుంటే, 1984లో మాస్కోలోని సోవియట్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసిన ఆ ఆటలో నాలుగేసి గడులతో ఏర్పడిన ఏడు ఆకారాలు తప్ప మరేమీ లేవు. 1989లో గేమ్‌బాయ్ అనే చేతి యంత్రం మీదికి వచ్చిన టెట్రిస్‌లో పాజ్ నొక్కితే పేర్చిన ముక్కలన్నీ తెరమీద కనబడకుండా పోతాయి, ఎందుకంటే అవి కనిపిస్తూ ఉంటే ఆటగాడు ఆగిన సమయంలో తీరికగా ఎత్తులు వేసుకోగలడు. అన్నం తినడానికి అనుమతి ఇస్తూనే మోసానికి దారి మూసిన ఇంతటి న్యాయబుద్ధి తరువాతి ఆటల్లో అరుదు. దానిని కాలక్షేపమని కొట్టిపారేయడం తొందరపాటు.

ఆటను ఆపే హక్కు ఎవరి చేతిలో ఉందన్నదీ చూడాలి. జపాన్‌లో 1983లో వచ్చిన ఫామికామ్ అనే యంత్రానికి రెండు కంట్రోలర్లు ఉండేవి గాని, ఆటను ఆపే స్టార్ట్ బటన్ మొదటిదానికే ఉండేది. రెండోదానిలో దాని స్థానంలో చిన్న మైకు పెట్టారు. దానికి నకళ్ళుగా మన ఊళ్ళలోకి వచ్చిన చవక సెట్లలో ఒకటి, రెండో కంట్రోలర్‌కు స్టార్ట్ లేనిదే, కార్తీక్ అమ్మమ్మగారి ఇంటికీ వచ్చింది. వేసవి సెలవుల్లో కాంట్రా ఆడేటప్పుడు మొదటి కంట్రోలర్ ఎప్పుడూ కార్తీక్ తల్లి చేతిలోనే ఉండేది, అందుకు కారణం ఆమె వయసు కాదు, ఆమె ఆట. పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఆపైన ఎడమ, కుడి, ఎడమ, కుడి, చివర రెండు బటన్లు నొక్కితే మూడు ప్రాణాలకు బదులు ముప్పై వచ్చే రహస్య సంకేతం ఆ వీధిలో మొదట తెలిసినది ఆమెకే. వంటింట్లోంచి పిలుపు రాగానే, తమ్ముడు తూటాల మధ్య గాలిలో ఉన్నాడా లేడా అని చూడకుండా, ఆమె స్టార్ట్ నొక్కి లేచిపోయేది. ఫోను ఎత్తని రాత్రి అవతల ఉన్నది ఆటలంటే తెలియని మనిషి కాదని చెప్పడానికే ఇంత వివరణ.

డార్క్ సోల్స్ విషయంలో కార్తీక్ కోపం సరైనదే గాని కారణం సరైనది కాదు. 2011లో హిదెతాకా మియజాకి దర్శకత్వంలో వచ్చిన ఆ ఆటలో శత్రువు ప్రతి దెబ్బకూ ముందు సూచన ఇస్తాడు. చూసి నేర్చుకున్నవాడు గెలుస్తాడు గనుక అది అన్యాయం కాదు. అసలు లోపమేమిటంటే, అందులో మెనూ తెరిచినా కాలం ఆగదు. ఇతర ఆటగాళ్ళు మధ్యలో చొరబడగల ఆట గనుక ఆపడం కుదరదని సమర్థించవచ్చు, కానీ ఇంటర్నెట్ లేకుండా ఒంటరిగా ఆడినా అది ఆగదు. ఆట నుంచి బయటికి వెళ్ళి వస్తే నిలిచిన చోటే మొదలవుతుందన్నది కొంత ఊరట. అదే మియజాకి 2019లో చేసిన సెకిరోలో చొరబాట్లు లేవు, పాజ్ ఉంది. కష్టంలో అది డార్క్ సోల్స్‌కు ఏమాత్రం తీసిపోదు. కాబట్టి కష్టానికీ ఆగకపోవడానికీ సంబంధం లేదని ఆయనే నిరూపించినట్టయింది.

స్టార్‌డ్యూ వ్యాలీని ఎరిక్ బారోన్ ఒక్కడే కొన్నేళ్ళు శ్రమించి, బొమ్మలూ సంగీతమూ కూడా తానే చేసి, 2016లో విడుదల చేశాడు. అందులో ఒక రోజు మన గడియారంలో సుమారు 14 నిమిషాలు. మెనూ తెరవగానే పొద్దు నిలుస్తుంది, కానీ స్నేహితులతో కలిసి ఆడితే నిలవదు. వ్యవసాయం చేసిన తాతకు మనుమడైన కార్తీక్‌కు ముల్లంగి సాగు నిద్ర తెప్పించిందంటే ఆశ్చర్యంగానే ఉంది. బహుశా ఆ రోజు జ్వరం కూడా ఉండి ఉంటుంది. కషాయం చేసుకోవడానికి శొంఠి పొడి పార్సిల్‌లో పంపడమైనది.

ఇక బీజీఎంఐ. పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో ప్రభుత్వం నిషేధించాక, 2021లో దాని స్థానంలో వచ్చిన ఆట ఇది. వందమంది ఒకే దీవిలో దిగే ఈ మ్యాచ్‌కు కాలాన్ని నడిపేది కార్తీక్ ఫోను కాదు, సర్వర్ అనే దూరపు కంప్యూటర్. ఒకడి అన్నం కోసం తొంభై తొమ్మిది మందిని అది ఆపజాలదు, ఆపకూడదు కూడా. సాంకేతికంగా ఇది నిర్దోషి. అయితే అరగంట దాకా లేవడం కుదరని ఆటను మెస్ మూసే ముందు అరగంటలో మొదలుపెట్టడం సర్వర్ చేసిన పని కాదు. ఈ సందర్భంలో చదరంగాన్ని గుర్తుచేయక తప్పదు. పూర్వం ఆట ముగియకపోతే తరువాతి ఎత్తును కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, మరునాటికి వాయిదా వేసేవారు. దానిని సీల్డ్ మూవ్ అనేవారు. 1972లో రెక్యావిక్‌లో స్పాస్కీకీ ఫిషర్‌కూ మధ్య జరిగిన ప్రపంచ పోటీలో 21వ ఆట అలాగే వాయిదా పడింది, మరునాడు స్పాస్కీ ఓటమిని ఫోనులోనే తెలియజేశాడు, ఫిషర్ జగజ్జేత అయ్యాడు. ప్రపంచ కిరీటమే ఒక ఫోనుతో తేలినప్పుడు, తల్లి ఫోనుకు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం కుర్రాడి గేమ్ ర్యాంకు అడ్డురావడం ఏమిటో మేనమామకు అర్థం కాలేదు.

బీజీఎంఐ మానమని ఈ లేఖ చెప్పడం లేదు. మానమంటే మానడని కూడా తెలుసు. భోజనమూ ఫోనూ అయ్యాక ఎన్ని మ్యాచ్‌లైనా, నిద్ర చెడనంతవరకు, ఆడవచ్చు. తరువాతి మెయిల్‌లో సెకిరో మీద అభిప్రాయం రాయాలి, అదీ కనీసం సగం ఆడాకనే. దసరాకు వచ్చేటప్పుడు తన దగ్గరున్న రెండు కంట్రోలర్లూ తీసుకురావాలి. కాంట్రా ఆడడానికి తల్లి ఒప్పుకుంది; మొదటి కంట్రోలర్ మాత్రం తనకే కావాలంది.