పాత క్రేను కొనబోయే ముందు

సంఘాల పని పెరిగే కొద్దీ బరువులెత్తే యంత్రాల అవసరం కూడా పెరుగుతుంది. 40 లీటర్ల క్యానులో పాల బరువే సుమారు 41 కిలోలు. దానిని ఇద్దరు మనుషులు ఎత్తగలరు. కాని బల్కు కూలరును లారీ మీద నుంచి దించాలన్నా, జనరేటరును దిమ్మె మీద కూర్చోబెట్టాలన్నా మనిషి బలం చాలదు. కనుక పాల వ్యాన్లు, ట్రాక్టర్లు ఉన్న సంఘాలు వాటికి తోడుగా ఒక పాత హైడ్రా క్రేను కొందామనుకోవడం సహజమే.

మన నెల్లూరు తీరంలో కృష్ణపట్నం రేవు 2008లో ప్రారంభమైంది. తర్వాత నేలటూరు వద్ద థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చింది. ఇటువంటి పెద్ద పనులు ముగిసిన చోట వాడిన యంత్రాలు అమ్మకానికి రావడం మామూలే. ధర అందుబాటులో ఉన్నట్లే కనిపిస్తుంది. అయితే సభ్యుల ఉమ్మడి సొమ్ము, క్రేను దగ్గర పనిచేసే మనిషి ప్రాణం, రెండూ ఆ యంత్రం మీదే ఆధారపడి ఉంటాయని మరువరాదు.

పాల రంగు చూసి మనం ధర కట్టం. లాక్టోమీటరు ముంచి, వెన్న శాతం తేల్చి కడతాం. క్రేనుకూ అదే పద్ధతి పాటించాలి.

1. అసలు కొనడం అవసరమా?

గడచిన ఏడాదిలో క్రేనుతో ఎన్ని రోజులు పని పడిందో ముందుగా రాసుకోవాలి. ఉదాహరణకు యంత్రం ధర 10 లక్షల రూపాయలు అనుకుందాం. దానిపై 10 శాతం వడ్డీ ఏడాదికి 1,00,000. ఆపరేటరు జీతం నెలకు 18,000 చొప్పున 2,16,000. బీమా, పన్ను, మరమ్మతులకు 1,20,000. మొత్తం 4,36,000 రూపాయలు. డీజిలు, యంత్రం అరుగుదల ఇందులో చేరలేదు. రోజు అద్దె 8,000 అనుకుంటే, ఆ సొమ్ముతో 54 రోజులు అద్దెకు తెచ్చుకోవచ్చు. అంతకంటె తక్కువ పని ఉన్న సంఘానికి అద్దె క్రేనే మేలు. రెండు మూడు సంఘాలు కలిసి కొనుక్కుంటే లెక్క మారవచ్చు. మీ ఊరి ధరలు వేసి ఇదే లెక్క తిరిగి చేసుకోండి.

2. ఎంత బరువు? ఎంత దూరంలో?

నిండు క్యానును ఒంటికి ఆనించి మోసినంత సులువుగా చేతులు చాచి మోయలేం. క్రేనూ అంతే. 14 టన్నుల క్రేను అంటే బూమ్ కురచగా, బరువు దగ్గరగా ఉన్నప్పుడు మాత్రమే 14 టన్నులు. బూమ్ చాచిన కొద్దీ ఆ శక్తి బాగా పడిపోతుంది. మలుపు తిరిగేటప్పుడు, ఏటవాలు మీద, మన తీరపు ఇసుక నేలల మీద ఇంకా జాగ్రత్త అవసరం. ఏ దూరంలో ఎంత ఎత్తవచ్చో తెలిపే పట్టిక యంత్రంతో పాటు ఉండాలి. పట్టిక లేని క్రేను తూకపు రాళ్లు లేని త్రాసు వంటిది.

3. ఉప్పు గాలి, వరద నీరు

సముద్రపు గాలి తగిలిన ఇనుము పైకి బాగున్నా లోపల తినేసి ఉంటుంది. బూమ్ లోపలి భాగం, అతుకులు, బ్రేకు గొట్టాలు, వైర్ల కొసలు లైటు వేసి చూడాలి. అతుకు చుట్టూ మాత్రమే కొత్త రంగు కనిపిస్తే ఎందుకు వేశారో అడగాలి. 2021 నవంబరులో పెన్నా వరద పడుగుపాడు వద్ద జాతీయ రహదారినే తెంచివేసింది. అటువంటి నీటిలో మునిగిన యంత్రమేమో తెలుసుకోవాలి. సీటు వెనుక, మూలల్లో ఒండ్రు ఉన్నదా చూడండి. ఇంజను ఆయిలు పాలు కలిపినట్లు తెల్లబారితే అందులో నీరు చేరిందన్నమాట.

4. ఎత్తించి చూడాలి

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. బరువు తెలిసిన వస్తువును పట్టికలోని హద్దుకు లోబడి ఎత్తించి, ఇంజను ఆపించి, సిలిండరు రాడ్డు మీద సుద్దతో గీత పెట్టాలి. 10 నిమిషాల తర్వాత గీత కదిలితే లోపల నూనె కారుతున్నట్లే. ఈ పరీక్ష జరిగేటప్పుడు ఎవరూ బరువు కింద నిలబడరాదు.

ఇనుప తాడును గుడ్డతో పట్టుకొని నిదానంగా పరిశీలించాలి. తాడు పేట ఒక చుట్టు తిరిగేంత పొడవులో 6 తీగలు తెగినా, అంత పొడవులో ఒకే పేటలో 3 తీగలు తెగినా ఆ తాడు పనికిరాదు. కొక్కెం నోరు తెరుచుకున్నా, మెలి తిరిగినా, పగుళ్లున్నా మార్చాలి. బరువు జారకుండా ఆపే నాలుక తప్పక ఉండాలి.

5. కాగితాలు

ఛాసిస్, ఇంజను నంబర్లను ఆర్.సి. పుస్తకంతో సరిచూడాలి. అప్పు ఉంటే అది తీరినట్లు ఫారం 35, యాజమాన్య మార్పునకు ఫారం 29, 30 కావాలి. తమిళనాడు వంటి పొరుగు రాష్ట్రపు బండి అయితే అక్కడి నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28, తీసుకున్న తర్వాతే సొమ్ము చెల్లించాలి. బీమాను సంఘం పేరిట మార్పించడానికి 14 రోజుల్లోగా దరఖాస్తు పెట్టాలి.

ఎత్తే యంత్రాలను 12 నెలలకు ఒకసారైనా అర్హత గల వ్యక్తి పూర్తిగా తనిఖీ చేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే నియమం పెట్టింది. అమ్మేవారి వద్ద అటువంటి తనిఖీ పత్రాలు ఉన్నాయేమో అడగండి. లేకపోతే మన ఖర్చుతో తనిఖీ చేయించి, ఆ తర్వాతే బేరానికి కూర్చుందాం.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

• మనకు ఏడాదిలో ఎన్ని రోజుల క్రేను పని ఉన్నది?
• మనం ఎత్తవలసిన వాటిలో అతి పెద్ద బరువు ఎంత? ఎంత దూరంలో దించాలి?
• లైసెన్సు, అనుభవం గల ఆపరేటరు దొరుకుతారా?
• బయానా ఇచ్చే ముందు యంత్రాన్ని ఎవరు పరీక్షిస్తారు?

ఈ నాలుగింటికీ జవాబులు మినిట్సు పుస్తకంలోకి ఎక్కిన తర్వాతే బయానా ఇవ్వడం మంచిది. "ఇవాళ కాదంటే రేపు పోతుంది" అని తొందరపెట్టే బేరాన్ని పోనిచ్చినా సంఘానికి నష్టం లేదు.