కటింగ్ కన్నా ముందు కాపీ: ఎడిటింగ్ రూమ్‌లో తొలి ఉద్యోగానికి ఇంటి పీసీయే బడి

ఫిలింనగర్‌లో అసిస్టెంట్ ఎడిటర్‌గా చేరాలని ఎర్రగడ్డ, మోతీనగర్, కృష్ణానగర్ గదుల్లో ఉండి సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవారికి కటింగ్ మీదే ధ్యాస. కొత్తవాళ్ల చేతికి ముందుగా వచ్చేది మాత్రం ఫుటేజ్: కాపీ చేయాలి, సరిచూడాలి, ప్రాక్సీలు (తేలికపాటి నకళ్లు) తీయాలి, సీన్ల వారీగా సర్దాలి. ఈ పని ఇంట్లోనే నేర్చుకోవచ్చు. అందుకు కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌డీ, హార్డ్‌డిస్క్ అనే రెండు రకాల డ్రైవ్‌లు ఉంటే చాలు.

యూహెచ్‌డీ 4కే ప్రోరెస్ 422 హెచ్‌క్యూ ఫుటేజ్ సెకనుకు 24 ఫ్రేముల చొప్పున గంటకు సుమారు 318 జీబీ తింటుంది. అంతా ఎస్‌ఎస్‌డీలోనే పెడదామంటే జేబు ఒప్పుకోదు. హార్డ్‌డిస్క్ చవకే గానీ, సెకనుకు 150-200 ఎంబీ దగ్గరే ఆగుతుంది. మూడు నాలుగు కెమెరాల ఫుటేజ్ ఒకేసారి ప్లే చేస్తే చతికిలబడుతుంది. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ వేగం 3,000 ఎంబీ పైమాటే. అందుకే విండోస్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, కాష్ ఫైళ్లు, ఇప్పుడు కట్ చేస్తున్న ప్రాక్సీలు దాంట్లో ఉంచండి. 1080 ప్రోరెస్ ప్రాక్సీ గంటకు 16 జీబీయే కాబట్టి చిన్న ఎస్‌ఎస్‌డీ అయినా సరిపోతుంది. ఒరిజినల్స్, పూర్తయిన ప్రాజెక్టులు హార్డ్‌డిస్క్‌లోకి.

రెంటినీ కలిపి ఒకే డ్రైవ్‌లా చూపే ఏర్పాట్లూ వచ్చాయి: 2011లో ఇంటెల్ స్మార్ట్ రెస్పాన్స్, 2012లో ఆపిల్ ఫ్యూజన్ డ్రైవ్. మామూలు వాడకానికి పరవాలేదు. ఎడిటర్ కావాలనుకునేవారికి మాత్రం వద్దంటాను. ఫ్యూజన్‌లో ఏ ఒక్కటి చెడినా మొత్తం పోయినట్టే. పైగా ఏ ఫైలు ఎక్కడుండాలో మెషినే చూసుకుంటుంటే, ఉద్యోగంలో మీరు చేయాల్సిన పని మీకు అలవాటు కాదు.

ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత డిస్క్ దొరికితే సాధనకు వాడుకోండి, తప్పులేదు. ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో దాని ఆరోగ్యం చూడండి. రీఎలకేటెడ్ సెక్టార్లు కనబడితే వదిలేయండి. అసలు ఫుటేజ్ కోసమైతే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో బిల్లుతో కొత్తది కొనండి, సీఎంఆర్ రకమేనా అని అడిగి మరీ. ఎస్‌ఎంఆర్ డిస్కులు పెద్ద కాపీల మధ్యలో నత్తనడకకు దిగుతాయి.

ఇక ఫోన్‌తోనైనా ఒక చిన్న సినిమా తీయండి. రెండు డిస్కుల్లోకి కాపీ చేసి, చెక్‌సమ్‌తో పోల్చి, ప్రాక్సీలతో కట్ చేసి, చివర్లో ఒరిజినల్స్‌కు రీలింక్ చేయండి. ఏ కార్డు ఎప్పుడు ఎక్కడికి కాపీ అయిందో ఒక షీట్‌లో రాయండి. ఇంటర్వ్యూకు షోరీల్‌తో పాటు ఆ షీట్ కూడా పట్టుకెళ్లండి. ఉద్యోగం వచ్చాక ఎవరెంత తొందరపెట్టినా, రెండు కాపీలూ సరిచూడకుండా కెమెరా కార్డు ఫార్మాట్ చేయకండి.