తరగతి గదిలో రోజువారీ రాత

తరగతిలో క్రమం తప్పకుండా రాసే విద్యార్థి రాత ఎందుకు మెరుగుపడుతుందో తెలియాలంటే, రాసేటప్పుడు అతడి మీద పడే బరువు ఎంతో ముందు చూడాలి. ఏం చెప్పాలో తేల్చుకోవాలి, దాన్ని వరుసలో పెట్టుకోవాలి, అక్షరదోషాలు రాకుండా చూసుకోవాలి, చదివేవారికి అర్థమవుతుందో లేదో ఊహించుకోవాలి. మొదట్లో ఈ పనులు ఒకదానికొకటి అడ్డం పడతాయి. వత్తు ఎక్కడ పెట్టాలా అని ఆగితే చెప్పదలచిన మాట జారిపోతుంది. మాటను పట్టుకుంటే వాక్యం సగంలో తెగిపోతుంది. రోజూ రాసేవారికి గుణింతాలు, వత్తులు, వాక్యం ముగింపు అన్నీ తలచుకోకుండానే చేతికి వస్తాయి. అప్పుడు మనసు విషయం మీద నిలుస్తుంది. పరీక్షల ముందు మాత్రమే కలం పట్టేవారికి ఈ వెసులుబాటు దొరకదు. వారికి ప్రతి వ్యాసమూ మొదటి వ్యాసమే.

ఈ సంగతి అనంతపురం సీమలోని పాత వీధిబడులకు బాగా తెలుసు. అందుకు రాతపూర్వకమైన ఆధారమే ఉంది. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల కలెక్టరుగా అనంతపురంలో మకాం పెట్టిన థామస్ మన్రో తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1822లో ఆయన జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో, వాటిలో చదువు ఎలా సాగుతోందో తెలపమని కలెక్టర్లందరినీ అడిగాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న పంపిన జవాబు వాటన్నిటిలో వివరమైనది. నేటి అనంతపురం ప్రాంతంలో చాలాభాగం అప్పుడు బళ్లారి జిల్లాలోనే ఉండేది. అనంతపురం విడి జిల్లా అయింది 1882లో. కాంప్‌బెల్ అంతకుముందే, 1816లో, తెలుగు వ్యాకరణం ప్రచురించినవాడు కనుక బడిలో ఏం జరుగుతోందో భాష తెలిసిన కన్నుతో చూశాడు. దాదాపు తొమ్మిది లక్షల ఇరవై ఎనిమిది వేల జనాభా ఉన్న జిల్లాలో ఆయన లెక్కకు వచ్చిన బడులు 533, పిల్లలు 6,641 మంది. తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. ఆడపిల్లలు మొత్తం 60 మంది. ఆ రోజుల్లో చదువు ఎంత కొద్దిమందికి దక్కిందో ఈ అంకెలే చెబుతాయి. ఆ కొద్దిమందికీ రాత నేర్పిన తీరు మాత్రం నేటికీ పనికొచ్చేది.

బడి పొద్దున ఆరింటికే మొదలయ్యేది. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, రెండోవాడి చేతిలో సున్నా చుట్టేవారు, ఆ తర్వాత వచ్చినవారికి వరుసగా ఒకటి, రెండు, మూడు అంటూ దెబ్బలు పెరిగేవి. దెబ్బలను ఈనాడు ఎవరూ సమర్థించరు, సమర్థించకూడదు. అయితే రాత పద్ధతి వేరే సంగతి. అక్షరాలను ముందు నోటితో వల్లించేవారు కాదు. ఇసుకలో వేలితో రాస్తూనే నేర్చుకునేవారు. వేలు కుదిరాక పలక లేదా కడితం చేతికి వచ్చేది. పలకంటే నున్నగా చిత్రికపట్టి, అన్నం మెతుకులూ బొగ్గుపొడీ కలిపి పూసిన చెక్క. కడితమంటే గంజి పెట్టి బిరుసుగా చేసిన గుడ్డను పుస్తకంలా మడిచి, బొగ్గూ జిగురూ పూసినది. రెండింటి మీదా బలపంతో రాసి తడిగుడ్డతో తుడిచేవారు. తాటాకు, గంటం, కాగితం కూడా ఉన్నా ఈ సీమలో పలక, కడితాలే ఎక్కువగా వాడుకలో ఉండేవని కాంప్‌బెల్ రాశాడు. గుణింతాలు, వత్తులు అయ్యాక మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, జంతువుల పేర్లు రాయించేవారు. ఆ తర్వాత లెక్కలు. పై తరగతికి వచ్చేసరికి ఉత్తరాలు రాయడం, ఒప్పంద పత్రాలు తయారుచేయడం, పంతులు అక్కడా ఇక్కడా సేకరించిన రకరకాల చేతిరాతలను చదివి విప్పడం.

ఇందులో గట్టిగా పట్టుకోవలసినది తడిగుడ్డ. రాసినదాన్ని తుడిచెయ్యవచ్చన్న భరోసా ఉంటే పిల్లవాడు తప్పుకు భయపడడు. భయపడనివాడు ఎక్కువ రాస్తాడు. ఎక్కువ రాసినవాడికి దిద్దుకునే అవకాశమూ ఎక్కువ. ఈనాటి తరగతుల్లో చాలాచోట్ల దీనికి పూర్తిగా తలకిందులుగా జరుగుతోంది. నోట్సు నీట్‌గా ఉండాలి, కొట్టివేత కనిపించకూడదు, పర్యవేక్షణకు అధికారి వస్తే చూపించేలా ఉండాలి. అటువంటి నోట్సులో పిల్లలు బోర్డు మీది జవాబో గైడులోని జవాబో దింపుతారు. దింపుడు వల్ల చేతిరాత గుండ్రంగా మారుతుందేమో గానీ రచన రాదు. అందుకే రోజువారీ రాతకు వేరే చిత్తు పుస్తకం ఉండాలి. దానికి మార్కులు ఉండకూడదు, కొట్టివేతలకు అడ్డు ఉండకూడదు. పీరియడ్‌లో పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు రోజూ ఉండడం ముఖ్యం.

వీధిబడి పద్ధతిలో మరొక బలం, ముందున్న పిల్లలు వెనకున్నవారికి నేర్పడం. దీనివల్ల నేర్పేవాడి చదువూ గట్టిపడుతుందని కాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దీన్ని అనుకరించిందనీ అన్నాడు. ఆ మాట నిజమే. మద్రాసు అనాథబాలుర ఆశ్రమంలో ఇసుకరాతనూ, పిల్లలు పిల్లలకు నేర్పడాన్నీ అమలుచేసిన ఆండ్రూ బెల్ వాటిని ఇంగ్లండుకు తీసుకెళ్లాడు. అక్కడ అది ‘మద్రాసు పద్ధతి’గానే పేరుపడింది. ఈ పద్ధతి నేటి తరగతికీ అక్కరకొస్తుంది. నలభై యాభై మంది ఉన్న తరగతిలో రాసిన ప్రతిదాన్నీ ఒక్క ఉపాధ్యాయుడు రోజూ దిద్దడం కుదరని పని. దిద్దలేకపోతున్నామన్న కారణంతోనే చాలామంది రాయించడం మానేస్తారు. రాసినదాన్ని పక్కవాడు గట్టిగా చదివితే ఈ చిక్కు సగం తీరుతుంది. తన వాక్యం దగ్గర స్నేహితుడు తడబడితే అక్కడేదో లోపముందని రాసినవాడికి వెంటనే తెలుస్తుంది. ఎర్రసిరా ఇంత త్వరగా ఈ పాఠం చెప్పలేదు.

పరిశోధన కూడా ఇటే చూపుతోంది. స్టీవ్ గ్రాహం, డొలోరెస్ పెరిన్ 2007లో నాలుగు నుంచి పన్నెండో తరగతి వరకు పిల్లల రచనపై అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను ఒకచోట చేర్చి చూశారు. పథకం వేసుకోవడం, రాయడం, తిరగరాయడం ఎలాగో విడమరిచి నేర్పినప్పుడూ, పిల్లలు ఒకరికొకరు తోడై రాసినప్పుడూ, చదివినదాన్ని క్లుప్తంగా రాయించినప్పుడూ రచన బాగా మెరుగైందని తేలింది. విడిగా వ్యాకరణ సూత్రాలు చెప్పినంతమాత్రాన రచన బాగుపడలేదు. సంధులూ సమాసాలూ అనవసరమని దీని అర్థం కాదు. తాను రాసిన వాక్యంలో ఎదురైనప్పుడు నేర్చుకున్న సంధి మనసులో నిలుస్తుంది. సాధన గురించి 1993లో ఆండర్స్ ఎరిక్సన్ బృందం చెప్పిన మాట కూడా ఇక్కడ అక్కరకొస్తుంది. ఒకే పనిని ఊరికే పదేపదే చేస్తే నైపుణ్యం ఒకచోట ఆగిపోతుంది. ఏదో ఒక లోపాన్ని గురిపెట్టి చేసినప్పుడే అది ముందుకు కదులుతుంది. కనుక ఉపాధ్యాయుడు ఈ వారం పేరా విడదీయడం ఒక్కటే చూడవచ్చు. వచ్చే వారం కర్తకూ క్రియకూ పొంతన చూడవచ్చు. అన్ని తప్పులూ ఒకేసారి చుట్టేస్తే పిల్లవాడు పేజీ మూసేస్తాడు.

కాంప్‌బెల్ చూసిన లోపం ఒకటి మిగిలింది, అది పెద్దది. పిల్లలు పద్యాలు కంఠతా పట్టేవారు, స్పష్టంగా పలికేవారు, కానీ వాటి అర్థం వారికి తెలిసేది కాదు. పుస్తకాల భాషకూ ఇంటి భాషకూ అంత దూరం ఉండేది. అదే దూరం తొంభై ఏళ్ల తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయంలో విద్యార్థుల తెలుగు వ్యాసరచన ఏ భాషలో ఉండాలన్న వివాదంగా పైకి వచ్చింది. గురజాడ అప్పారావు 1914లో అసమ్మతి పత్రం రాసింది దాని గురించే. గిడుగు రామమూర్తి పోరాడింది వాడుక భాష కోసమే. విద్యార్థికి రాని భాషలో రాయమంటే అతడు ఆలోచించడం మాని అరువు మాటలు పేరుస్తాడన్నది వ్యావహారికవాదుల వాదనకు ప్రాణం. రచన సాధనకు సంబంధించినంతవరకు వారి వాదన నూటికి నూరుపాళ్లు సరైనది.

సొంత మాటల్లో రాయడమంటే ఏమిటో అనంతపురం జిల్లాలోనే చూడవచ్చు. ఇక్కడ ఏటా పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. శనక్కాయ పంట, బోర్లు, వలస, పశుగ్రాసం ఇక్కడి పిల్లలకు ఇంట్లో రోజూ వినపడే మాటలు. ఏడో తరగతిలో ‘మా ఊరి నీళ్ల కష్టం’ గురించి రాయమంటే మొదటిరోజు సాధారణంగా వచ్చేది ఇలా ఉంటుంది: ‘మా ఊరిలో నీటి సమస్య ఎక్కువగా ఉంది. ప్రజలు అనేక ఇబ్బందులకు గురవుతున్నారు. ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి.’ ఇందులో తప్పు లేదు, ఊరూ లేదు. ఎవరి బోరు, ఎన్ని అడుగులు, పాయింటు ఎవరు చూశారు, నువ్వు కళ్లారా చూసిందేమిటి అని ఉపాధ్యాయుడు అడిగితే మరుసటి రోజు అదే పిల్లవాడు ఇలా రాయగలడు: ‘మా చిన్నాయన టెంకాయతో పాయింటు చూపించి బోరు వేయించినాడు. ఆరునూర్ల అడుగులు పోయినా తెల్లదుమ్మే లేచింది. బోరు బండి పోయినాక మా జేజి ఆ గుంత మీద బండ పెట్టింది, మేకపిల్ల పడుతుందని.’ ఈ రెండో రాతలో వాక్యాలు నడుస్తున్నాయి. చదివేవారికి బోరు గుంత కనిపిస్తోంది. ‘జేజి’ని ‘నాయనమ్మ’గా, ‘వేయించినాడు’ను ‘వేయించాడు’గా దిద్దడం ఇక్కడ సాయం కాదు. ఏ సందర్భంలో ఏ రూపం వాడాలో తర్వాత నేర్పవచ్చు. అర్జీలో ఒకటి, కథలో మరొకటి.

ఈ సీమ మాటలను సాహిత్యంలోకి తెచ్చినవారిలో బడిపంతుళ్లు ఉండడం గమనించదగ్గది. సింగమనేని నారాయణ (1943–2021) తెలుగు పండితుడు, కథకుడు. ‘శప్తభూమి’ నవలకు 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న బండి నారాయణస్వామి కూడా ఉపాధ్యాయుడిగా పనిచేసినవారే. ఉపాధ్యాయుడు తానూ రాస్తే తరగతిలో రాతకు విలువ పెరుగుతుంది. పిల్లలు చిత్తు పుస్తకంలో రాసే పది నిమిషాలు ఆయన కూడా ఒక పేరా రాసి, కొట్టివేతలతో సహా చదివి వినిపించవచ్చు.

రాత కుదురుకుంటున్నకొద్దీ విద్యార్థి తీరులోనూ మార్పు వస్తుంది. గొడవ జరిగినప్పుడు ఏం జరిగిందో మొదటి నుంచి వరుసగా చెప్పగలుగుతాడు. తెలిసినదానికీ అనుకున్నదానికీ తేడా చూస్తాడు. విమర్శ వస్తే అది తన మీద కాక తన వాక్యం మీద వచ్చిందని తీసుకోవడం అలవాటవుతుంది. పంట బీమా డబ్బు రాకపోతే వ్యవసాయాధికారికి నాన్న తరఫున అర్జీ రాసిపెట్టే కూతురు ఆ ఇంట్లో ఒక బలం. ఏ సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఏ తేదీన ప్రీమియం కట్టారు అన్న వరుస ఆమెకు తరగతిలో అబ్బినదే. పాత బడిలో ఉత్తరాలూ ఒప్పంద పత్రాలూ రాయించడం వెనకున్న బుద్ధి కూడా ఇదే.

కరువు ప్రాంతంలో ఈ సాధనకు వచ్చే పెద్ద గండి వలస. వాన ముఖం చాటేసిన ఏడాది కుటుంబాలు బెంగళూరుకో, ఇంకెక్కడికో పనులకు వెళితే పిల్లల చదువు నెలల తరబడి తెగుతుంది. ఇటువంటి పిల్లలను ఊళ్లోనే ఉంచి చదివించడానికి సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. అయినా కొందరు తల్లిదండ్రులతోనే వెళ్లిపోతారు. నెలల తర్వాత తిరిగొచ్చిన పిల్లవాడిని అతడు లేనప్పుడు జరిగిపోయిన పాఠాల దగ్గర కూర్చోబెడితే అతడు వెనకబడ్డట్టే కనిపిస్తాడు. చిత్తు పుస్తకమిచ్చి, అక్కడ చూసింది రాయమంటే సెంట్రింగ్ పని ఎలా జరుగుతుందో, ఇటుకలు ఎన్నో అంతస్తుకు ఎలా మోస్తారో అతడి దగ్గర విషయం నిండుగా ఉంటుంది. వత్తులు పోయి ఉండవచ్చు, చెయ్యి మొరాయించవచ్చు. రోజూ రాస్తే కొన్ని వారాల్లో అవి తిరిగి వస్తాయి. జూన్‌లో రాసిన పేజీ పక్కన ఏప్రిల్‌లో రాసినది పెట్టి చూసుకునేలా చిత్తు పుస్తకాలను ఏడాది పొడవునా బడిలోనే దాచాలి. ఎంత మారిందో విద్యార్థి తన కళ్లతోనే చూసుకుంటాడు.