పసుపు కాటుకపిట్ట: తలరంగును బట్టి స్వదేశమును గుర్తించుట

శీతకాలమున తాడేపల్లిగూడెపు వరిచేలయందును, కొల్లేటి యొడ్డున పశువులు మేయు బయళ్లయందును తోక నాడించుచు పురుగుల నేరుకొను చిన్నపక్షులను విద్యార్థులు చూచియే యుందురు. ఇవి కాటుకపిట్టలు, సంస్కృతమున ఖంజరీటములు. వీనిలో నొకదానికి 1758లో లిన్నేయసు పండితుడు ఫ్లావా యని పేరిడెను. లాటినుభాషలో ఆ మాటకు పసుపుపచ్చనిది యని యర్థము.

ఒక్క మందలోనే యొక మగపక్షి తల నల్లగను, వేరొకదాని తల బూడిదవన్నెగను ఉండుట కలదు. అంతమాత్రమున నవి వేరు జాతులు కావు. జాతి యొకటే, పుట్టిన నాడులు వేరు.

కావున ముందుగా జాతిని నిశ్చయింపవలయును. వీపు పచ్చచాయ గలది, క్రిందిభాగము పసుపు, కాళ్లు నలుపు: ఇవి స్థిరమైన గుర్తులు. వీపు బూడిదవన్నెయై, తోక మిక్కిలి పొడవైనచో నది వేరుజాతి. తల పసుపు, వీపు బూడిదవన్నె, రెక్కపై వెడల్పైన తెల్లచారలు రెండు నున్నచో నదియు వేరే.

పిదప మగపక్షి తలను చూడుడు.

1. ముదురు బూడిదవన్నె, కంటిపై తెల్లగీత లేదు: ఉత్తర స్కాండినేవియా మొదలు సైబీరియా వరకు గల నాడులది.
2. లేత నీలిబూడిదవన్నె, కంటిపై స్పష్టమైన తెల్లగీత: వోల్గానదీ ప్రాంతము మొదలు కజకస్థాను వరకు గల పచ్చికమైదానములది.
3. నిగనిగలాడు నలుపు: కాస్పియను సముద్రప్రాంతమునుండియు మధ్య ఆసియానుండియు వచ్చినది.

అయితే ఈ రంగులు అన్నివేళల కానరావు. సెప్టెంబరు, అక్టోబరు మాసములలో వచ్చునప్పుడు మగవాని తలలు మాసియుండును. ఫిబ్రవరి మొదలు క్రొత్త యీకలు మొలచి, ఏప్రిలులో మరలిపోవునాటికి వన్నె తేరును. ఆడపక్షులను, పిల్లలను తలరంగుచే నిర్ణయించుట దుస్తరము. మఱియు రెండునాడుల పొలిమేరలలో ఈ తెగలు కలిసి పిల్లలను కనుటచే నడిమిరంగు తలలును పుట్టును.

కొల్లేరు 2002లో రాంసారు ఒడంబడికక్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపబడెను. ఏ దేశపు పక్షు లిచ్చట బ్రతుకుచున్నవో తెలిసిననే గాని, ఈ నేల చెడినచో నెవరికి నష్టమో తెలియదు. తెగపేరు తప్పుగా వ్రాసినచో ఆ పక్షి ప్రయాణమంతయు తప్పుగా వ్రాసినట్లే. “పసుపు కాటుకపిట్ట, తెగ తెలియదు” అని వ్రాయుట లోపము కాదు; ఊహించి వ్రాయుటయే లోపము.

ఏలూరు విద్యార్థులు మార్చినెలలో కొల్లేటికి పోయినప్పుడు తేది, స్థలము, వీపు, కనుగీత, తలరంగు, ఈ యైదింటిని వరుసగా వ్రాసికొని, పేరును కట్టకడపట వ్రాయుదురు గాక.