సరస్సులో కలుపు

పిల్లలూ, పొలంలో కలుపు తీస్తారని విన్నారు కదా? న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ జార్జ్ అనే సరస్సు అడుగున కూడా తీస్తారు! అక్కడ 1985లో మిల్‌ఫాయిల్ అనే పరాయి మొక్క కనిపించింది. అది దట్టంగా అల్లుకుని, అక్కడి మొక్కలకు ఎండ తగలనివ్వదు.

మరి మిషన్‌తో కోసేయొచ్చుగా? కోస్తే ముక్కలవుతుంది. చిన్న ముక్క కూడా నీళ్లలో కొట్టుకుపోయి ఇంకోచోట మొలుస్తుంది! అందుకే సరస్సును చూసుకునే ప్రభుత్వ కమిషన్ కాంట్రాక్టర్లను పెట్టుకుంటుంది. వాళ్ల గజ ఈతగాళ్లు అడుగుదాకా మునిగి, ఒక్కో మొక్కనూ వేళ్లతో సహా మెల్లగా పీకుతారు. (ఇక్కడ ‘వేళ్లు’ అంటే చేతివేళ్లు కాదు, మొక్క వేర్లు.) ఒక్క ఏడాదితో అయిపోదు, మళ్లీ మళ్లీ దిగాల్సిందే. మన చెరువుల్లో గుర్రపుడెక్క కూడా ఇలాంటి మొండిదే, అమ్మమ్మను అడగండి.

ఆలోచించి రాయండి: పడవను ఇంకో సరస్సుకు తీసుకెళ్లే ముందు ఎందుకు శుభ్రంగా కడగాలి?