చౌక చార్జరు, చౌక చిప్పు: కొనునప్పుడు చూడవలసిన సంగతులు

విత్తనము కొనునప్పుడు మన రైతు గుప్పెడు గింజలు అరచేతిలో పోసికొని చూచును. పంట కొఱికి తేమ తెలిసికొనును. అనుమానము కలిగినచో తడిగోనెలో 100 గింజలు చుట్టిపెట్టి మొలకలు లెక్కించును. ఎద్దు పండ్లు చూడక బయానా ఈయడు. అట్టివాడే సంతలో ఫోను చార్జరు కొనునప్పుడు మాత్రము అట్టపెట్టెమీది బొమ్మను, ధరను తప్ప వేఱేమియు చూడకున్నాడు. ఇది రైతు తెలివితక్కువ కాదు. ఆ సరకు గుణము కంటికిగాని పంటికిగాని తెలియునది కాదు. అయినను దానిని పరీక్షించు ఉపాయములు కలవు. అందులో పెక్కింటికి ఖర్చు లేదు.

మునుపు ఈ సరకులు పట్టణమువారి వేడుక వస్తువులని మనము తలచుచుంటిమి. నేడు అంగడి ధర తెలియుటకును, బ్యాంకులో సొమ్ము పడిన కబురు వచ్చుటకును, వానకబురు వినుటకును ఫోనే ఆధారము. మన సంఘముల సంగతియు అట్లే యున్నది. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములలో 63,000 సంఘములకు కంప్యూటర్లు సమకూర్చు పథకమును కేంద్ర ప్రభుత్వమువారు 2022 జూను నెలలో ఆమోదించిరి. కావున చార్జరు, తీగ, పవర్‌బ్యాంకు, పెన్‌డ్రైవు అనునవి ఇప్పుడు కొడవలి, గోనెసంచులవలె సేద్యపు సామగ్రిలో చేరినవి.

ముందుగా చార్జరు. గోడలోని 230 వోల్టుల విద్యుత్తును 5 వోల్టులకు దింపి ఫోనునకు అందించుట దీని మొదటి పని. వోల్టులనగా నీటిమట్టపు ఎత్తువంటివి. ఎత్తయిన చెఱువునుండి నారుమడికి నీరు విడువవలెనన్న నడుమ తూము గట్టిగా ఉండవలెను గదా! చార్జరు లోపలకూడ ఎక్కువ వోల్టుల భాగమునకును తక్కువ వోల్టుల భాగమునకును నడుమ తగినంత ఎడము, గట్టి తొడుగు ఉండవలెను. చౌకగా చేయువారు మొట్టమొదట కత్తిరించునది ఈ ఎడమునే. తూము తెగిన నారుమడి మునుగును. ఈ ఎడము తెగిన గోడలోని విద్యుత్తు తీగవెంట మనిషి చేతికే వచ్చును. అమెరికాలోని యు.ఎల్. అను పరీక్షాసంస్థవారు 2016 లో ఐఫోనుకు చేసిన నకిలీ చార్జర్లను 400 తీసికొని పరీక్షింపగా నూటికి 99 పరీక్షలో తప్పినవి.

మన దేశములో 2012 నాటి కేంద్ర ఉత్తరువుచేత ఎలక్ట్రానిక్ సరకులకు నిర్బంధ నమోదు పద్ధతి ఏర్పడినది. చార్జర్లు, పవర్‌బ్యాంకులు ఈ పద్ధతి క్రిందికి వచ్చినవి. నమోదైన సరకుమీద భారతీయ ప్రమాణముల సంస్థవారి గుఱుతును, 'ఆర్' అను ఆంగ్లాక్షరమును, దాని ప్రక్కన 8 అంకెలును ఉండును. గుఱుతును అచ్చుకొట్టుట దొంగకు కష్టము కాదు. అందుచేత గుఱుతు చూచి ఊరకుండరాదు. ఆ సంస్థవారి 'బి.ఐ.యస్. కేర్' అను ఫోను ఉపకరణములో ఆ అంకెలు వ్రాసినచో నమోదు చేసికొన్న తయారీదారు పేరును, సరకు పేరును కనబడును. పెట్టెమీది పేరు దానితో కలియకున్న ఆ సరకును అంగడిలోనే విడిచి రావలెను.

ఇచ్చట మోటారు షెడ్డు మాట చెప్పక తప్పదు. మూడు ఫేజుల సరఫరానుండి ఒక తీగ లాగి, రెండవ తీగను నేలలో పాతిన ఇనుపకడ్డీకి కట్టి, దీపము వెలిగించుకొను అలవాటు కొన్నిచోట్ల కలదు. ఆ దీపపు తీగకే చార్జరును తగిలించుచున్నారు. ఇట్టి ఏర్పాటులో వోల్టులు నిలకడగా ఉండవు. నేల ఎండినప్పుడు ఒక తీరు, తడిసినప్పుడు ఒక తీరు. కడ్డీచుట్టు నేలలోకూడ విద్యుత్తు పాఱును. బురదకాళ్లతో దానిని తాకిన మనిషి గాని పశువు గాని ప్రాణమునకే ముప్పు తెచ్చుకొనును. చార్జరుమీద 100 నుండి 240 వోల్టులు అని వ్రాసియుండును. రెండు ఫేజుల నడుమ ఉండునది సుమారు 415. ఒక్క తీగ పొరపాటున మాఱినచో మంచి చార్జరుకూడ నిలువదు. ఫోనును ఇంటివద్దనే నింపుకొని పొలమునకు పోవుడు.

తీగ సంగతి పెక్కుమంది లెక్కచేయరు. 'ఫోను నెమ్మదిగా నిండుచున్నది, బ్యాటరీ చెడిపోయినది' అని చెప్పుచు వచ్చువారిలో కొందఱికి చెడినది తీగ మాత్రమే. సన్నని కాలువలో నీరు ఎట్లు వెనుకకు తట్టునో సన్నని రాగితీగలో విద్యుత్తు అట్లే తగ్గును. మంచి తీగమీద సన్నని అక్షరములతో గేజి అంకె వ్రాసియుండును. అంకె పెరిగినకొలది తీగ సన్నమని ఎఱుగవలెను. 28 గేజి తీగ మీటరు పొడవున్నచో 2 ఆంపియర్లు పాఱునప్పుడు పోకరాకలకు కలిపి సుమారు 0.85 వోల్టు నష్టమగును. 5 వోల్టులు బయలుదేరి ఫోనును చేరునప్పటికి 4.15 మాత్రమే మిగులును. అదే 24 గేజి అయినచో నష్టము 0.34 మాత్రమే. పొడవు రెట్టింపైన నష్టమును రెట్టింపగును. కావున మంచముదాక వచ్చునని 3 మీటర్ల సన్నతీగ కొనుట తెలివి కాదు. పరీక్ష సులభము: ఒకే ఫోను, ఒకే చార్జరు పెట్టి, ఒకనాడు ఒక తీగతోను, మఱునాడు ఇంకొక తీగతోను, బ్యాటరీ నూటికి 20 వంతులున్నప్పుడే మొదలుపెట్టి, అరగంటలో ఎంత నిండెనో వ్రాసికొనుడు. ఇంకొక సంగతి. పాతరకపు తీగలో నాలుగు పోగులుండును. రెండు విద్యుత్తునకు, రెండు సమాచారమునకు. కొన్ని చౌకతీగలలో వెనుకటి రెండు పోగులు వేయనే వేయరు. అట్టి తీగతో ఫోను నిండును గాని కంప్యూటరునకు ఆ ఫోను కనబడదు. ఫోను బాగుచేయువానికి సొమ్ము పోయకముందు తీగ మార్చి చూడుడు.

పవర్‌బ్యాంకుమీద 10,000 అని పెద్ద అక్షరములతో వ్రాసియుండును. '5,000 బ్యాటరీగల నా ఫోనును రెండుమాఱులు నింపవలసినది, నింపలేదు; మోసము' అని ఒక సభ్యుడు వాదించెను. ఇది మోసము కాదు, లెక్క. ఆ 10,000 లోపలి బ్యాటరీ కొలత. దాని వోల్టులు 3.7. అనగా మొత్తము 37 వాట్-గంటలు. దానిని 5 వోల్టులకు ఎక్కించునప్పుడు 7,400 అగును. ఎక్కించుటలో పోవు తరుగు తీసివేయగా చేతికి వచ్చునది 6,000 కు కొంచెము పైగా మాత్రమే. మంచి తయారీదారులు ఈ రెండవ అంకెనుకూడ చిన్న అక్షరములతో వేయుదురు. కొనువారు చూడవలసినది ఆ చిన్న అక్షరములనే. చేతిలో ఇమిడిపోవు తేలికపాటి పెట్టెమీద 50,000 అని ఉన్నచో మాత్రము ఆ అంకెను నమ్మవలదు. ఉబ్బిన బ్యాటరీని గుచ్చరాదు, నొక్కరాదు, ఎండలో ఉంచరాదు, నిప్పు పుట్టును.

మౌసు, కీబోర్డు, చెవి తీగలు మొదలగు వానిని చౌకలో కొన్నను పెద్ద కీడు లేదు. చెడిపోయిన మఱియొకటి కొనవచ్చును. చెడినను చెడినట్లు కనబడక, మనము దాచుకొన్నదానిని మ్రింగివేయునది ఒకటి యున్నది. అది పెన్‌డ్రైవు, దాని తోబుట్టువైన మెమరీకార్డు.

దీనినిగూర్చి నేను ఒరుల మాట చెప్పుట లేదు. నాలుగు సంవత్సరముల క్రిందట మా సంఘమువారు పాత అప్పుల పుస్తకములను, రసీదులను ఫోటోలు తీసి భద్రపఱచ నెంచిరి. సంతలోని ఒక అంగడిలో 1 టెరాబైటు అని వ్రాసిన పెన్‌డ్రైవు 350 రూపాయలకు దొరికెను. పాలకవర్గములో నేనును ఉంటిని. కొనుగోలు చీటిమీద సంతకము నాదే. గుమాస్తా రెండు నెలలు శ్రమపడి పుటలన్నిటిని అందులోనికి ఎక్కించెను. తెఱచి చూచిన పేర్ల పట్టిక అంతయు వరుసగా కనబడుచుండెను. మేము సంతోషించితిమి. మఱుసటి వానకాలమున కార్యాలయపు కప్పు కారి రసీదు పుస్తకములు కొన్ని తడిసి చెడెను. అప్పుడు ఒక సభ్యుడు, అప్పు తీర్చివేసినవాడు, క్రొత్త అప్పుకొఱకు బాకీలేని పత్రము అడుగగా ఆ పెన్‌డ్రైవు తీసితిమి. పేరు కనబడెను, తెఱచిన పుట రాలేదు. మఱియొకటి తెఱచిన అదియు రాలేదు. జిల్లా బ్యాంకు ఖాతాలతో సరిచూచి పత్రము ఇచ్చునప్పటికి అయిదు వారములు పట్టెను. విత్తు వేళ ఆగునా? ఆయన నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి 40,000 బయట తెచ్చుకొనెను. వడ్డీ 900 రూపాయలకు పైగా అయ్యెను. ఆ సొమ్మును పాలకవర్గపువారము మా చేతినుండి ఇచ్చితిమి. ఆయన మమ్ము ఒక్క మాటయు అనలేదు; అదియే నాకు ఎక్కువ సిగ్గు కలిగించినది.

ఈ మోసము నడచు తీరు తెలిసికొనదగినది. పెన్‌డ్రైవులో రెండు భాగములున్నవి. ఒకటి సరకు నిలువయుండు కొట్టు, రెండవది లెక్క చెప్పు చిన్న చిప్పు. మోసగాడు కొట్టును మార్చడు, లెక్క చెప్పు చిప్పునకు అబద్ధము నేర్పును. 16 సంచులు పట్టు గిడ్డంగికి గుమాస్తా ఒకడుండి '1,000 సంచులు పట్టును' అని చెప్పుచు, 17 వ సంచినుండి గోడ అవతల పాఱవేసి, రసీదు మాత్రము తప్పక వ్రాసి ఇచ్చునట్టిది ఈ వ్యవహారము. కొన్ని చిప్పులు క్రొత్త సంచిని పాత సంచి స్థానములోనే పెట్టి పాతదానిని చెఱచును. పేర్ల పట్టిక కొట్టు మొదటనే ఉండుటచేత అది చెడక కనబడుచుండును. కంప్యూటరుకూడ ఆ చిప్పు చెప్పిన మాటనే నమ్మి 1 టెరాబైటు అని చూపును.

మఱి తెలియుట యెట్లు? నింపి చూచుటయే. జర్మనీలోని సి.టి. అను కంప్యూటరు పత్రికవారు 'హెచ్‌2టెస్ట్‌డబ్ల్యు' అను ఉచిత ఉపకరణమును ఇచ్చియున్నారు. అది విండోసు కంప్యూటరులో పనిచేయును. లినక్సువారికి 'ఎఫ్3' అనునది కలదు. ఇవి పెన్‌డ్రైవును అంచుదాక నింపి, మరల మొదటినుండి చదివి, వ్రాసినదియు చదివినదియు ఒక్కటేనా అని చెప్పును. 64 గిగాబైట్ల సరకునకు సాధారణముగా రెండు మూడు గంటలు పట్టును. క్రొత్తదియు ఖాళీదియునైన పెన్‌డ్రైవుమీదనే ఈ పరీక్ష చేయవలెను. ఉపకరణము లేనివారు పెద్ద వీడియోలతో నిండునంతవఱకు నింపి, పెన్‌డ్రైవును ఊడదీసి మరల పెట్టి, మొదటిది, నడిమిది, చివరిది తెఱచి చూడవచ్చును. ఇది పూర్తి పరీక్ష కాదు గాని పెద్ద దొంగను పట్టును.

64 అని వ్రాసినదానిలో కంప్యూటరు 59.6 అనియు, 32 అని వ్రాసినదానిలో 29.8 అనియు చూపిన అంగడివానితో తగవు పడకుడు. తయారీదారు వేయిచొప్పున లెక్కించును, కంప్యూటరు 1,024 చొప్పున లెక్కించును, అంతియే. మంచి పెన్‌డ్రైవైనను ఒక్కదానినే నమ్మరాదు. అది పోవును, నీటిలో పడును, ఏండ్లతరబడి పెట్టెలో ఊరక పడియుండినచో లోపలి గుఱుతులుకూడ క్రమముగా మాయవచ్చును.

కొన్న ప్రతిదానికిని బిల్లు అడుగుడు. పెట్టెమీద తయారీదారు లేక దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర, నెల, సంవత్సరము ఉండవలెనని 2011 నాటి నియమములు చెప్పుచున్నవి. మేము బిల్లు తీసికొనలేదు గనుక అంగడివానిని అడుగ నోరు లేకపోయెను. బిల్లు ఉన్నవారు 1915 అను జాతీయ వినియోగదారుల సహాయపు నంబరునకు ఫోను చేసి తమ భాషలోనే ఫిర్యాదు చెప్పుకొనవచ్చును.

ఇప్పుడు మా సంఘములో క్రొత్త పెన్‌డ్రైవు ఏదైనను పరీక్ష తేదీ వ్రాసిన చీటి అంటించిన తరువాతనే వాడుకకు వచ్చును. ప్రతి పుటకు రెండు ప్రతులు తీసి, ఒకటి కార్యాలయములోను, రెండవది కార్యదర్శి ఇంటిలోను ఉంచుచున్నాము. ఆఱు నెలలకొకమాఱు రెంటిని తెఱచి చూచుచున్నాము. సభ్యులు తమ మెమరీకార్డులు తెచ్చినచో గుమాస్తా తీరిక వేళ పరీక్షించి ఇచ్చును. ఆ మొదటి పెన్‌డ్రైవును పాఱవేయలేదు. 'వ్రాసినది 1 టెరాబైటు, నిలిచినది 14 గిగాబైట్లు' అను చీటితో అది గుమాస్తా బల్లమీదనే యున్నది.