సోల్ర్ సర్వర్‌లో లూసీన్ మార్పు

ప్రశ్న: మా కాలేజీ గ్రంథాలయంలో పుస్తకాలు వెతకడానికి సోల్ర్ 7 సర్వర్ ఉంది. లోపలి లూసీన్ లైబ్రరీని 9కి మార్చితే సర్వర్ లేవడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వెతికే పనంతా చేసేది లూసీన్, సోల్ర్ దాని మీద కట్టిన సర్వర్. 2021లో ఇవి వేర్వేరు ప్రాజెక్టులయ్యాయి. అయినా ప్రతి సోల్ర్ విడుదలా ఒక నిర్దిష్ట లూసీన్ వెర్షన్‌తోనే వస్తుంది. లోపలి లూసీన్ జార్ ఫైళ్లు మాత్రమే మార్చితే పొత్తు కుదరదు. మార్చాల్సింది సోల్ర్‌నే.

అసలు చిక్కు పాత ఇండెక్సుది. 7లో పుట్టిన ఇండెక్సును లూసీన్ 8 చదువుతుంది, 9 చదవదు. మధ్యలో 8తో తిరగరాయించినా లాభం లేదు. పుట్టిన వెర్షన్ ఇండెక్సులోనే నమోదై ఉంటుంది. కాబట్టి కొత్తగా కట్టుకోవడమే దారి.

ముందు పాత ఇండెక్సుకూ సెట్టింగులకూ నకలు తీయాలి. పాత సర్వర్‌ను నడవనిస్తూనే పక్కన సోల్ర్ 9 పెట్టాలి. దానికి కనీసం జావా 11 తప్పనిసరి. కాన్ఫిగ్ ఫైలులో లూసీన్ వెర్షన్ మార్చి, డేటాబేసు నుంచి పుస్తకాల వివరాలన్నీ మళ్లీ ఎక్కించాలి.

ఈ శ్రమకు ఫలితం ఉంది: లూసీన్ 9.0తో తెలుగు పదాలను విశ్లేషించే ఎనలైజర్ వచ్చింది. ‘ఆదిలాబాద్’, ‘అదిలాబాద్’ వంటి జంట రాతలతో, ‘పుస్తకం’, ‘పుస్తకాలు’ వంటి రూపాలతో రెండు సర్వర్లలోనూ వెతికి, ఫలితాలు పోల్చాకే పాతది ఆపాలి.

మూల డేటాబేసు పోయి ఇండెక్సు ఒక్కటే మిగిలినా, సొంతంగా రాయించిన జావా ప్లగిన్లు ఉన్నా, దేన్నీ కదపకుండా సోల్ర్ తెలిసిన ఇంజినీరును పిలిపించాలి.